రిటైరయ్యాక స్వచ్ఛంద సంస్థకు పనికొద్దామనుకుంటే: బోర్డా, ప్రాజెక్టా, మెంటారింగా, వారానికి రెండు రోజుల కుర్చీయా?

బ్యాంకులో డీజీఎంగానో, ఫార్మా కంపెనీలో ప్లాంట్ హెడ్‌గానో, ఐటీలో డెలివరీ హెడ్‌గానో ఏళ్ల తరబడి చేసి బయటికొచ్చినవాళ్లు ఒక స్వచ్ఛంద సంస్థకు ఫోన్ చేసి "నా అనుభవం మీకేమైనా పనికొస్తుందేమో చూడండి" అంటే, అవతలివాళ్లు సంబరపడిపోయి పెద్దగా ఆలోచించకుండా ఇచ్చేసేది బోర్డులో సీటు. ఇద్దరికీ గౌరవంగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ సార్ మూడు మీటింగులకొచ్చి, టీ తాగి, మినిట్స్ మీద సంతకాలు పెట్టి వెళ్లి ఉంటారు. సంస్థ లెక్కల పుస్తకాలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే.

నేను హైదరాబాద్‌లో ఇలాంటి సంస్థల్లో ఆఫీసు వైపు, అంటే గ్రాంట్లు, రిపోర్టులు, ఆడిట్ల వైపు పనిచేసేదాన్ని. ఇలా వచ్చిన సార్లను, మేడమ్‌లను చాలామందినే చూశాను. కొందరి పేరెత్తితే మా అకౌంటెంట్ ఇప్పటికీ దణ్ణం పెడతాడు, ఇంకొందరి ఫోన్ నంబర్ కనిపిస్తే డైరెక్టర్‌గారు ఫోన్ తిరగేసి బల్ల మీద పెడతారు. తేడా వాళ్ల తెలివిలో లేదు, అనుభవంలోనూ లేదు, ఎంచుకున్న దారిలో ఉంది. నా లెక్కలో బోర్డు అనేది చివరి మెట్టు, అందరూ దాంతోనే మొదలుపెడతారు. ఎందుకలా అంటున్నానో, మిగతా దారులు ఎవరికి సరిపడతాయో చెబుతాను.

అసలు అక్కడ ఏం తక్కువైంది

కార్పొరేట్ నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "వీళ్లకు స్ట్రాటజీ లేదు" అనుకుంటూ వస్తారు. స్ట్రాటజీ ఉంటుంది, కాగితం మీద ఉండకపోవచ్చు. ఆ సంస్థ పెట్టిన అక్కను కదిపితే ఏ ఊళ్లో ఏ పిల్ల బడి మానేసిందో, ఎందుకు మానేసిందో, వచ్చే జూన్‌కి ఏం చేయాలో గడగడా చెబుతుంది. లేనిది వెనక ఆఫీసు. లెక్కలకు ఒక పద్ధతి, జీతాలకు ఒక స్కేలు, కొనుగోళ్లకు మూడు కొటేషన్ల అలవాటు, నమ్మదగ్గ డేటా, డైరెక్టర్ జబ్బు పడితే చెక్కు మీద సంతకం ఎవరు పెట్టాలన్న నిర్ణయం, ఇవి ఉండవు.

ఇది నిర్లక్ష్యం కాదు. డబ్బిచ్చేవాళ్లకు తమ రూపాయి పిల్లల పుస్తకాల మీదో మంచినీళ్ల ప్లాంటు మీదో పడాలని ఉంటుంది, ఫైనాన్స్ మేనేజర్ జీతానికి వెళ్లాలని ఎవరికీ ఉండదు. చట్టమూ అటే తోస్తుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది, తనకొచ్చిన విదేశీ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడం పూర్తిగా ఆగిపోయింది. నగరంలోని పెద్ద సంస్థ దగ్గర తీసుకుని పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థలకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సంగతి చూస్తే, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద నెట్‌వర్త్ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. అందులో 5 శాతం దాకా కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగం నడుపుకోవడానికి వాడుకోవచ్చు. ఆ 5 శాతం కంపెనీకి గీసిన గీత, అయినా దాన్ని తెచ్చి సంస్థ బడ్జెట్ మీద రుద్దే సీఎస్ఆర్ మేనేజర్లు ఉన్నారు, "మీ ఆఫీసు ఖర్చు ఇంతకు మించకూడదమ్మా" అని. దాంతో ఏటా కోట్లలో ఖర్చుపెట్టే చోట కూడా ఒక్క అకౌంటెంటు, ఒక ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), మిగతా అన్నిటికీ డైరెక్టర్.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ కంపెనీ తరఫున మీరిచ్చే గంటలకు విలువ కట్టి సీఎస్ఆర్ ఖర్చులో చూపించుకోవడం కుదరదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన వివరణలో చెప్పేసింది. కంపెనీకి లెక్కలో కలవని పని గనక చాలాచోట్ల ఉద్యోగుల సేవ అంటే ఒక శనివారం టీషర్టులు వేసుకుని మొక్కలు నాటడం, గోడలకు రంగులేయడం, ఫొటోలు. తప్పేం లేదు, కానీ ఫ్యాక్టరీ నడిపిన మనిషి చేత గోడకు సున్నం కొట్టిస్తే ఆ అనుభవం ఎందుకు? అది వాడే పని మీరే వెతుక్కోవాలి.

గడువున్న ప్రాజెక్టు

మొదటిసారి వస్తున్నవాళ్లకు నా సలహా ఇదే, రెండో ఆలోచన లేకుండా. ఒక పని, మూడు నుంచి ఆరు నెలల గడువు, చివర్లో సంస్థ చేతికి ఒక వస్తువు: జీతాల స్కేలు కావచ్చు, మూడేళ్ల బడ్జెట్ షీటు, దాతల డేటాబేస్, కొనుగోళ్ల పద్ధతి, ఏదైనా. వారానికి నాలుగైదు గంటలు చాలు. కుదరకపోతే గడువు కాగానే ఇద్దరూ నమస్కారం పెట్టుకుని విడిపోవచ్చు, ఎవరి మొహం మాడదు. ఈ సౌకర్యం బోర్డులో ఉండదు.

ఇలాంటి పనిని ఒక పద్ధతిలో పెట్టినవాళ్లలో అమెరికాలో 2001లో మొదలైన టాప్‌రూట్ ఫౌండేషన్ ఒకటి. వాళ్ల ఆలోచన సింపుల్: మార్కెటింగ్, హెచ్ఆర్, ఫైనాన్స్ వాళ్లను ఊరికే "సాయం చేయండి" అని వదిలేయకుండా, క్లయింటుకు పనిచేసినట్టే పరిధి రాసుకుని పనిచేయించడం. మన దేశంలో టాటా గ్రూపు 2014లో మొదలుపెట్టిన టాటా ఎంగేజ్‌లో ప్రోఎంగేజ్ అనే భాగం ఉంది, సంస్థలు తమకు కావలసిన పని రాసి పెడతాయి, టాటా ఉద్యోగులు, అక్కడ రిటైరయినవాళ్లు, వాళ్ల కుటుంబాలవాళ్లు కొన్ని నెలల పాటు తీరిక వేళల్లో దాన్ని చేసిపెడతారు. టాటాలో పనిచేసి ఉంటే ముందు అటు చూడండి. ముంబైలో టూల్‌బాక్స్ ఇండియా ఇలాగే కార్పొరేట్ మనుషులను సంస్థలకు జతచేస్తుంది.

ఎక్కడ చెడుతుందంటే, పరిధి రాసుకోకపోతే చెడుతుంది. ఒక సంస్థకు పెద్ద హోదాలో రిటైరయిన ఒకాయన వచ్చి, రెండు నెలలు అందరినీ ఇంటర్వ్యూలు చేసి, బ్రహ్మాండమైన ప్రజెంటేషన్ ఇచ్చారు. కలర్ చార్టులు, అయిదేళ్ల విజన్, ఎనిమిది విభాగాల ఆర్గనైజేషన్ చార్టు. అక్కడున్న మొత్తం సిబ్బంది పన్నెండు మంది. అందరూ చప్పట్లు కొట్టాక ఫీల్డ్ కోఆర్డినేటర్ ఒక్కడు లేచి "సార్, ఇందులో రేపు పొద్దున నేను చేయాల్సింది ఏది సార్?" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. కుర్రాడు ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. ఆ ఫైలు ఇప్పటికీ గూగుల్ డ్రైవ్‌లో ఉంది.

కాబట్టి మొదలుపెట్టే ముందే ఒక పేజీ రాసుకోండి: పని ఏంటి, ఎప్పటికి, సంస్థ నుంచి పక్కన కూర్చునే మనిషి ఎవరు, మీరు వెళ్లాక దాన్ని నడిపేది ఎవరు. చివరి ప్రశ్నకు పేరు రాకపోతే ఆ ప్రాజెక్టు తీసుకోకండి. "అందరం చూసుకుంటాం సార్" అంటే ఎవరూ చూడరు.

వారానికి రెండు రోజుల కుర్చీ

దీనికి మెరుపు ఉండదు, పేరు రాదు, విజిటింగ్ కార్డు మీద వేసుకోవడానికీ ఏమీ ఉండదు. కానీ సంస్థకు దీనివల్ల జరిగినంత మేలు మిగతా వేటివల్లా జరగడం నేను చూడలేదు.

ఒక సంస్థలో నాలుగు గ్రాంట్ల డబ్బు ఒకే లెడ్జర్‌లో నడిచేది. జీపు డీజిల్ బిల్లు ఏ గ్రాంటులో పడిందో చెప్పాలంటే అకౌంటెంటు వోచర్ల కట్టలు విప్పి పెన్సిల్‌తో వేరుచేసుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్ల (గ్రాంటు డబ్బు దేనికి వాడామో దాతకు చూపే పత్రాల) కోసం రాత్రిళ్లు ఆఫీసులోనే. రిటైరయిన బ్యాంకు మేనేజర్ ఒకాయన మంగళ, గురువారాలు రావడం మొదలుపెట్టారు. మొదటి వారం ఏమీ చెప్పలేదు, అకౌంటెంటు పక్కన కుర్చీ వేసుకుని వోచర్లు చదివారు, అంతే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి ఆ అబ్బాయితోనే తిన్నారు. తర్వాతి వారం కోఠీ నుంచి నాలుగు రబ్బరు స్టాంపులు చేయించుకొచ్చారు, ఒక్కో దాతకు ఒకటి. వోచర్ రాసిన చోటే, అంటే ఫీల్డు ఆఫీసులోనే స్టాంపు పడాలి, ఒక బిల్లు రెండు గ్రాంట్లకు చెందితే దేనికెంతో ఆ కాగితం మీదే రాయాలి. ఆ పని కుదురుకున్నాకే ట్యాలీలో కాస్ట్ సెంటర్లు, అంటే ఒక్కో గ్రాంటు ఖర్చును విడిగా చూపే పద్దులు తెరిపించారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఎప్పట్నుంచో ఉంది, అకౌంటెంటుకూ తెలుసు, కూర్చుని పెట్టించినవాళ్లు లేరు. ఆ ఏడాది సర్టిఫికెట్లు ఆడిటర్ అడగకముందే బల్ల మీద ఉన్నాయి.

గమనించాల్సింది వరుస. కాగితం దగ్గర అలవాటు మార్చి ఆ తర్వాత కంప్యూటర్‌కి వచ్చారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనిపించి దాంతోనే మొదలుపెట్టేవాళ్లు, ముఖ్యంగా ఐటీ నుంచి వచ్చేవాళ్లు (నొచ్చుకోకండి), ఇక్కడే బోల్తా పడతారు.

ఈ దారిలో ఇబ్బందులు రెండు. ఒకటి, మీరు జీతం లేని ఉద్యోగి అయిపోతారు. సంస్థకు మీ మీద ఆధారపడటం అలవాటై "సార్ ఉన్నారుగా" అని ఆ పోస్టులో మనిషిని తీసుకోవడమే మానేస్తుంది, మీకు మోకాలి ఆపరేషన్ అయిన రోజున అంతా ఆగిపోతుంది. వచ్చిన రోజే చెప్పేయండి: ఆరు నెలలో తొమ్మిది నెలలో, ఈలోగా ఫలానా మనిషికి నేర్పి వెళ్లిపోతానని. రెండోది మీ పాత హోదా. కార్పొరేట్‌లో మీ కింద పనిచేసినవాడు మీ మాట నచ్చకపోతే కనీసం మెయిల్‌లో మెల్లిగా ఎదురుచెప్పేవాడు. ఇక్కడ ఎవరూ చెప్పరు. మీరు పెద్దవారు, ఉచితంగా వస్తున్నారు, సార్. "అలాగే సార్, చూద్దాం సార్" అని తలూపి తమ పద్ధతిలోనే చేసుకుపోతారు. మీ సలహా అమలవుతోందా లేదా అన్నది మీటింగులో తెలియదు, వోచర్ మీద తెలుస్తుంది.

ఈ కుర్చీకి సరిపోయేవాళ్లు: బ్యాంకు మేనేజర్లు, కాస్ట్ అకౌంటెంట్లు, స్టోర్స్, పర్చేజ్ చూసినవాళ్లు, ఫ్యాక్టరీలో పర్సనల్ ఆఫీసర్లుగా చేసినవాళ్లు. సీఈఓ స్థాయిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు కష్టం, ఎందుకంటే చాలాకాలంగా ఎక్సెల్ షీటు సొంత చేత్తో తెరిచి ఉండరు.

మెంటారింగ్

నెలకు రెండు మూడు గంటలు, సంస్థ పెట్టినవాళ్లతో కూర్చుని మాట్లాడటం. తేలిగ్గా కనిపిస్తుంది గానీ అందరి వల్లా కాదు. సంస్థ నడిపేవాళ్లకు మనసు విప్పి మాట్లాడుకునే తోడు ఉండదు: సిబ్బందితో అంటే ఆఫీసంతా భయపడుతుంది, దాతలతో అంటే గ్రాంటు పోతుంది, ఇంట్లో అంటే "ఈ తలనొప్పి నీకెందుకు, మంచి ఉద్యోగం చూసుకో" అంటారు. పాత మనిషిని పనిలోంచి తీసేయాలా వద్దా, పెద్ద గ్రాంటు వస్తోంది కానీ షరతులు నచ్చలేదు, వచ్చే రెండు నెలల జీతాలకు చాలవు, ఇలాంటివి ఎవరితోనైనా అనుకోవాలి కదా. ఇలాంటి గడ్డు రోజులు తమ ఉద్యోగంలో దాటివచ్చినవాళ్లు ఇక్కడ బాగా పనికొస్తారు, హెచ్ఆర్ హెడ్‌లు మరీను.

షరతు ఒకటే, పిలుపు వాళ్ల నుంచి రావాలి. దాత పంపితే వచ్చిన మెంటార్ ముందు ఎవరూ నిజం మాట్లాడరు, అది ఇన్‌స్పెక్షన్ కిందే లెక్క. మీరు ఇప్పటికే డబ్బిస్తున్న సంస్థకు మెంటార్‌గా ఉండటం కూడా నేను వద్దనే అంటాను.

బోర్డు

ఇక అందరికీ నచ్చే దారి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నాలుగింటిలో చట్టం మీ మెడకు చుట్టుకునేది ఇదొక్కటే.

మన సంస్థలు మూడు రకాలు: ట్రస్టు, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సొసైటీ (మన దగ్గర 2001 నాటి చట్టం), కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ. మూడో రకంలో మీరు చేరితే చట్టం దృష్టిలో డైరెక్టరే, "గౌరవ" అని ముందు పెట్టుకున్నా సరే. ఆ కంపెనీ వరసగా మూడేళ్లు వార్షిక రిటర్నులో ఆర్థిక లెక్కలో దాఖలు చేయకపోతే దాని డైరెక్టర్లు అయిదేళ్ల పాటు ఇంకే కంపెనీలోనూ డైరెక్టరుగా నియమితులు కాలేరు. ఇది కాగితం మీద ఉండిపోయిన నిబంధన కాదు, 2017లో కేంద్రం ఇలా మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హుల జాబితాలో పెట్టింది. రిటైరయ్యాక రెండు మూడు లిస్టెడ్ కంపెనీల్లో ఇండిపెండెంట్ డైరెక్టరుగా ఉందామనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం రెండుసార్లు చదవాలి. మీకు తెలియకుండానే ఒక చిన్న సంస్థ గుమాస్తా మరిచిపోయిన ఫారం మీ మిగతా బోర్డులను ఊడగొట్టగలదు.

విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే 2020 సవరణ తర్వాత ముఖ్య బాధ్యుల గుర్తింపు వివరాలు, సాధారణంగా ఆధార్, హోం శాఖకు ఇవ్వాలి, విదేశీ పౌరులైతే పాస్‌పోర్టో ఓసీఐ కార్డో. బోర్డులో మనుషులు మారినా తెలియజేయాలి. ఆదాయపు పన్ను వైపు నుంచి ఇంకోటి: ట్రస్టీలకు, వాళ్ల బంధువులకు సంస్థ ఆస్తి, ఆదాయం నుంచి లబ్ధి చేకూరితే పన్ను మినహాయింపుకే ఎసరొస్తుంది. మీ మేనల్లుడి కంపెనీ నుంచి కంప్యూటర్లు ఇప్పిద్దామనుకుంటే, తక్కువ ధరకే అయినా, ముందు బోర్డులో చెప్పి, మినిట్స్‌లో రాయించి, ఆ చర్చ జరిగేటప్పుడు గదిలోంచి బయటికి వెళ్లండి.

మరి బోర్డు వల్ల ఉపయోగం లేదా? చాలా ఉంది, సరైన రోజున. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సర్వీసు, ఈఎంఆర్ఐ, గుర్తుండే ఉంటుంది. సత్యం రామలింగరాజు పెట్టిన సంస్థ అది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు ఆయన తప్పుకోవాల్సి వచ్చింది, కంపెనీ పరువు ఒక్క రోజులో పోయింది, కానీ రోడ్డు మీద అంబులెన్సులు ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తోంది, రోజువారీ పని చూసుకునే ప్రొఫెషనల్ యంత్రాంగం ఉంది, అదే ఏడాది జీవీకే గ్రూపు వచ్చి బాధ్యత తీసుకుంది. పెట్టిన మనిషి లేకపోయినా సంస్థ నిలబడుతుందా అన్న ప్రశ్న బోర్డులో కూర్చున్నవాళ్లు ఏటా అడగాల్సిందే. మామూలు సంస్థల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు, ఎందుకంటే బోర్డు అంటే వ్యవస్థాపకుడు, ఆయన భార్య, బావమరిది, ఊళ్లో రిటైరయిన హెడ్‌మాస్టరుగారు.

ఒప్పుకునే ముందు ఇవి అడగండి, మొహమాటం లేకుండా: గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, 12ఏబీ, 80జీ అని పిలిచే రిజిస్ట్రేషన్ల (మొదటిది సంస్థ పన్ను మినహాయింపుకు, రెండోది దాతల పన్ను రాయితీకి) గడువు ఎప్పటిదాకా ఉంది, సీఎస్ఆర్ డబ్బు తీసుకుంటుంటే కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు (2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి), గత రెండేళ్ల బోర్డు మినిట్స్ పుస్తకం. మినిట్స్ చదివితే సంస్థ జాతకం మొత్తం తెలిసిపోతుంది. ప్రతి మీటింగులోనూ "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" తప్ప ఒక్క ప్రశ్న కూడా లేకపోతే అక్కడ మీరు అడిగే మొదటి ప్రశ్నకే అందరూ మీ వైపు వింతగా చూస్తారు. సంస్థ 8వ సెక్షన్ కంపెనీ అయితే ఎవరినీ అడగక్కర్లేదు, కొద్దిపాటి ఫీజు కట్టి కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో దాఖలైన పత్రాలు మీరే చూసుకోవచ్చు. కాగితాలు చూపించడానికి ముఖం చిట్లించే చోట కూర్చోకండి.

ఇవన్నీ బాగున్నా, ఒక ఏడాది ఆహ్వానితుడిగా మీటింగులకు వెళ్లి, ఆ తర్వాత సభ్యత్వం తీసుకోవడం మంచిది. అసలైతే ముందు ఒక ప్రాజెక్టు చేసి, ఆ సంస్థ ఫీల్డు చూసి, నచ్చితే బోర్డు. నా వరస అది.

డబ్బు, సమయం రెండూ ఇచ్చే గుంపులు

సియాటెల్‌లో 1997లో మొదలైన సోషల్ వెంచర్ పార్ట్‌నర్స్ మన దేశంలోనూ ఉంది, హైదరాబాద్‌లో వాళ్ల శాఖ ఉంది. సభ్యులు ఏటా కొంత డబ్బు వేసుకుంటారు, కలిసి సంస్థలను ఎంచుకుంటారు, డబ్బుతో పాటు తమ సమయం కూడా ఇస్తారు. ఒంటరిగా సంస్థలను వెతుక్కోలేనివాళ్లకు, తమలాంటివాళ్ల సాంగత్యం కావాలనుకునేవాళ్లకు బాగుంటుంది. డబ్బు పెట్టే స్తోమత ఉండాలి. నా అభ్యంతరం ఒక్కటే, అందరూ కార్పొరేట్ నుంచే వచ్చినవాళ్లయితే మాటలన్నీ స్కేలు, ఇంపాక్టు చుట్టూ తిరుగుతాయి, ఫీల్డు అప్పుడప్పుడూ వెళ్లే టూరు అయిపోతుంది. పూర్తిగా ఈ రంగంలోకే మారిపోదామనుకునేవాళ్లకు ఐఎల్ఎస్ఎస్ (ఇండియా లీడర్స్ ఫర్ సోషల్ సెక్టార్) లాంటి సంస్థలు కార్పొరేట్ సీనియర్ల కోసమే కోర్సులు నడుపుతున్నాయి, అది వేరే కథ, స్వచ్ఛంద సేవ కాదు.

అమెరికా, గల్ఫ్, యూకేలలో ఉన్నవాళ్లు

ఊరికి ఏదైనా చేయాలని ఉంటుంది, వచ్చేది రెండేళ్లకోసారి. మీకు బోర్డు అసలు వద్దు, కుర్చీ కుదరదు, మెంటారింగ్, ప్రాజెక్టు రెండూ కుదురుతాయి. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి భోజనాలయ్యే వేళకు ఇక్కడ ఆదివారం పొద్దున, సంస్థవాళ్లకు ఫోన్లు మోగని సమయం. కానీ వాళ్ల ఆదివారం కూడా తినేస్తున్నారని గుర్తుపెట్టుకుని నెలకు ఒకటో రెండో ఆదివారాలు చాలనుకోండి. ఉన్న ఊళ్లోనే చేయాలనుకుంటే టాప్‌రూట్, క్యాచాఫైర్ లాంటి వేదికల్లో అక్కడి సంస్థలు చిన్న చిన్న ఆన్‌లైన్ పనులు పెడుతుంటాయి, ఒక గంట ఫోన్ కాల్ నుంచి కొన్ని వారాల పని దాకా. తెలుగు సంఘంలో పదవి కోసం కొట్టుకునే బదులు (ఈ మాట అనకుండా ఉండలేకపోయాను) అందులో ఒకటి చేసి చూడండి, ఇక్కడికి ఏం పనికొస్తుందో అర్థమవుతుంది.

సెలవుల్లో ఊరొచ్చినప్పుడు మాత్రం ట్రైనింగ్ పెట్టకండి. ఒక రోజంతా ఫీల్డు మనిషి బండి వెనక కూర్చుని తిరగండి. రిపోర్టులో "120 ఇళ్ల సర్వే" అన్న ముక్క వెనక ఏముందో, ఒక్కో ఇంటికి ఎన్నిసార్లు తిరగాలో కళ్లారా చూశాక మీరు తయారుచేసే డేటా ఫారంలో సగం కాలమ్‌లు మీరే కొట్టేస్తారు.

మీకేది

వారానికి ఒక పూట కూడా గ్యారంటీగా ఇవ్వలేనివాళ్లు మెంటారింగ్‌తో సరిపెట్టుకోండి, అది కూడా ఎవరైనా అడిగితేనే. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు చిన్న ప్రాజెక్టు, హెచ్ఆర్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని. ముఖ్యంగా మీ కంపెనీ ఆ సంస్థకు సీఎస్ఆర్ డబ్బు ఇస్తుంటే. కొత్తగా రిటైరయి ఇంట్లో పేపరు మూడోసారి చదువుతున్నవాళ్లకు కుర్చీ, కళ్లు మూసుకుని. డబ్బు సమకూర్చగలిగే పరిచయాలు, లెక్కల పత్రాలు చదివే ఓపిక, నలుగురిలో కాదనగలిగే ధైర్యం మూడూ ఉంటే బోర్డు. మూడింటిలో రెండే ఉంటే ఇంకో ఏడాది ఆగండి.

ఏ దారైనా సంస్థ సైజు కూడా చూసుకోండి. పది మంది లోపు ఉన్నచోట బోర్డు కన్నా కుర్చీ మేలు. వందల మంది సిబ్బంది, సొంత ఫైనాన్స్ టీము ఉన్న పెద్ద సంస్థలకు మీ రెండు రోజులు అక్కర్లేదు, వాళ్లకు మంచి బోర్డు సభ్యులే దొరకరు. మధ్యస్థంగా ఉన్నవాటికి, అంటే ఈ మధ్యే పెద్ద గ్రాంటు వచ్చి ఊపిరి సలపనివాటికి, గడువున్న ప్రాజెక్టు సరిగ్గా సరిపోతుంది.

ఖర్చుల సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. బస్సు, క్యాబ్, ఫీల్డుకు వెళ్తే లాడ్జి ఎవరు పెట్టుకుంటారు? మీరే పెట్టుకోగలిగితే సంతోషం, లేకపోతే అడగడంలో నామోషీ లేదు, అడగకుండా మెల్లగా రావడం మానేసేవాళ్లకన్నా అదే నయం. మీరిచ్చే సమయానికి 80జీ రాయితీ రాదు, అది డబ్బు విరాళానికే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. పిల్లలతో పనిచేసే సంస్థ అయితే బాలల రక్షణ విధానం మీద సంతకం పెట్టమంటారు, పోలీసు వెరిఫికేషన్ కూడా అడగొచ్చు. "నన్నే అనుమానిస్తారా" అనుకోకండి, అడగని సంస్థనే అనుమానించాలి.

మొదటి మెయిల్‌లో అయిదు పేజీల బయోడేటా పంపొద్దు. మీరు చేత్తో చేయగల పనులు రెండు రాయండి, వారానికి ఎన్ని గంటలు, ఏ రోజులు, ఎప్పటిదాకా. "ఫ్యాక్టరీలో స్టోర్స్ చూశాను, మీ స్టాకు రిజిస్టరు సరిచేసి ఒకరికి నేర్పగలను, బుధవారాలు, డిసెంబరు దాకా" అని రాసిన మెయిల్‌కి అదే రోజు జవాబు వెళ్లడం నాకు తెలుసు. "మీ సేవలో భాగస్వామి కావాలని ఉంది" అన్న మెయిల్స్ ఇన్‌బాక్సులో పడి ఉంటాయి.

వెళ్లిపోయేటప్పుడు మీ జీమెయిల్‌తో తెరిచిన షీట్లన్నీ సంస్థ మెయిల్ పేరు మీదకు మార్చండి, పాస్‌వర్డులు ఒక కాగితం మీద రాసి డైరెక్టర్ చేతికివ్వండి, బ్యాంకు సంతకాల్లో మీ పేరుంటే తీయించండి. బోర్డులోంచి తప్పుకుంటే రాజీనామా ఉత్తరం ఇచ్చి ఊరుకోకుండా, మీరు తప్పుకున్నట్టు సంస్థ వేయాల్సిన ఫారం నిజంగా దాఖలైందో లేదో చూసుకుని, రసీదు కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.